అరవైలో పండే విద్య, యాభైలో బిగిసే గొంతు: శాస్త్రీయ గాయకుల వృత్తి నడిచే తీరు

క్లుప్తంగా: కర్ణాటక సంగీతంలో విద్య పండే వయసు, గొంతు బాగా పలికే వయసు ఒకటి కావు. రెండూ కలిసివచ్చేది సుమారు ముప్ఫై నుంచి యాభై ఏళ్ల మధ్యే. ఆ ఇరవై ఏళ్లలో ఎన్ని వేదికలు దొరుకుతాయన్నది ప్రతిభతో పాటు రేడియో గ్రేడు, సభలు (కచేరీలు నడిపే సంస్థలు) ఇచ్చే వేళ, ఉంటున్న ఊరు, ఇల్లు గడిపే ఉద్యోగం కలిసి తేలుస్తాయి.

డిసెంబర్ రాగానే చెన్నై సభల పట్టికలు వెలువడతాయి. పుష్య బహుళ పంచమి దగ్గరపడితే తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన ప్రసారాలు మొదలవుతాయి. వాటితో పాటే ఏటా అవే సందేహాలు. నలభైకి దగ్గరపడ్డ గాయకుడిని ఇంకా యువ కళాకారుడని ఎందుకంటారు? రేడియోలో ‘ఏ’ గ్రేడు ఉన్న విదుషి కాలేజీలో పాఠాలు ఎందుకు చెప్పుకోవాలి? పాడే కీర్తనల్లో ఎక్కువ భాగం తెలుగువే అయినా పట్టికలో తెలుగు పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఎందుకుంటాయి?

మొదటి ప్రశ్నకు సంగీత నాటక అకాడమీ నియమమే ఒక జవాబు. ఆ సంస్థ ఇచ్చే ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారానికి వయోపరిమితి 40 ఏళ్లు. ఆ వయసుకు క్రికెటర్లు వ్యాఖ్యాన పెట్టెలో కూర్చుని ఉంటారు. సంగీతంలో ఇంత ఆలస్యం ఎందుకో తెలియాలంటే శిక్షణ నుంచి మొదలుపెట్టాలి.

మొదటి పదేళ్లు ఎక్కడికి పోతాయి

పురందరదాసు కూర్చినదిగా చెప్పుకునే క్రమమే నేటికీ నడుస్తోంది. సరళి స్వరాలు, జంట స్వరాలు, హెచ్చు స్థాయి, దాటు స్వరాలు, సప్త తాళ అలంకారాలు, ఆపైన గీతాలు, స్వరజతులు, వర్ణాలు. తొలి పాఠాలన్నీ మాయామాళవగౌళలోనే ఉండడానికి కారణముంది. ఆ రాగంలో పూర్వాంగం (స నుంచి మ దాకా), ఉత్తరాంగం (ప నుంచి పై స దాకా) ఒకే కొలతలో ఉంటాయి. స నుంచి రి ఎంత దూరమో ప నుంచి ద కూడా అంతే దూరం. కింద దొరికిన పట్టు పైన కూడా పనికొస్తుంది.

ఈ దశలో అసలు శ్రమ మూడు కాలాలది. చెయ్యి ఒకే వేగంలో తాళం వేస్తుంటే గొంతు దెబ్బకు ఒక స్వరం, తరువాత రెండు, ఆ తరువాత నాలుగు పలకాలి. మూడో కాలంలో స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటే రెండో కాలానికి వెనక్కి రావలసిందే. జంట స్వరాల్లో రెండో దానికి చిన్న ఒత్తు ఇవ్వాలి. ముందు ముందు గమకానికి (స్వరాన్ని ఊపి పలికే తీరుకు) మూలం ఆ ఒత్తే. వర్ణం దగ్గరికి వచ్చేసరికి వీటన్నిటికీ పరీక్ష ఒకేసారి జరుగుతుంది. ఇక్కడిదాకా రావడానికి నాలుగైదేళ్లు పట్టడం మామూలే.

పోటీల కోసం, స్కూలు వార్షికోత్సవాల కోసం అలంకారాలను సగంలో వదిలేసి పిల్లల్ని కీర్తనల్లోకి దించడం ఇప్పుడు ఎక్కువైంది. విన్నది విన్నట్టు పాడే శక్తి పిల్లలకు ఉంటుంది కాబట్టి ముప్ఫై నలభై కీర్తనలు ఇట్టే వచ్చేస్తాయి. లోపం పదహారు, పదిహేడేళ్లప్పుడు బయటపడుతుంది. కల్పనస్వరం (అప్పటికప్పుడు అల్లుకునే స్వరాలు) పాడాలంటే మనసులో మెదిలిన నాదానికి స్వరం పేరు అప్పటికప్పుడు నోటికి రావాలి. అలంకారాలను కల్యాణి, తోడి, ఖరహరప్రియ రాగాల్లో తిప్పి తిప్పి సాధకం చేసినవారికి అది వస్తుంది. వినికిడితో నెట్టుకొచ్చినవారు మళ్లీ మొదటి పుస్తకం తెరవాలి. ఇంటర్మీడియట్ చదువు ఒత్తిడి కూడా సరిగ్గా అప్పుడే మీద పడుతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఆగనివారికి తరువాతి పదేళ్లు పాఠాంతరానికి (గురువు దగ్గర నేర్చిన కీర్తనల సంపదకు), మనోధర్మానికి (అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడడానికి) పోతాయి. లెక్క చిన్నదే. ఒక సీజనులో ఏడు కచేరీలు ఒప్పుకుని, కచేరీకి ఎనిమిది తొమ్మిది చొప్పున, పాడింది మళ్లీ పాడకుండా నడపాలంటే 60 అంశాలు పక్కాగా సిద్ధంగా ఉండాలి. అడిగిన రాగంలో, అవసరమైన తాళంలో తీసి పాడేంత వెసులుబాటు ఉండాలంటే దానికి రెండు మూడు రెట్లు నోటికి వచ్చి ఉండాలి. అందుకే ఇరవై ఐదేళ్ల గాయకుడు ఈ రంగంలో కుర్రవాడి కిందే లెక్క. 18 నుంచి 25 ఏళ్ల వారికి కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్ల పాటు స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఆ మొత్తంతో బతుకు గడవదు గానీ, గురువు ఉన్న ఊళ్లో గది అద్దెకు కొంత ఆసరా.

శృతి ఎంపిక, గొంతు మారే వయసు

గాయకుడి ఆధార షడ్జం (పాటకు మూలంగా పెట్టుకునే ‘స’) ఎక్కడ ఉండాలన్నది రుచికి సంబంధించిన విషయం కాదు, శరీరానికి సంబంధించినది. ఆ ఎత్తునే శృతి అంటారు, అంకెలతో చెబుతారు; అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. మగవారిలో ఎక్కువమంది ఒకటి, ఒకటిన్నర శృతిలోనూ, ఆడవారు ఐదు, ఐదున్నర, ఆరు శృతుల్లోనూ పాడతారు. ఒకటో శృతిలో ఆధార షడ్జానికి స్వరతంత్రులు సెకనుకు సుమారు 131 సార్లు కొట్టుకుంటాయి. మంద్ర (కింది స్థాయి) పంచమానికి 98, తార (పై స్థాయి) పంచమానికి 392. ఐదున్నర శృతిలో అవే స్థానాలు 208, 156, 623 అవుతాయి. మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా రెండు స్థాయిలు నిలకడగా పలికితే కచేరీకి సరిపోతుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణకు మూడు స్థాయిలు సునాయాసంగా పలికేవి. అందరికీ అది కొలమానం కాదు.

సొంత శృతి కన్నా అర శృతి ఎక్కువ పెట్టుకోవడం యువ గాయకులు తరచూ చేసే పొరపాటు. తార స్థాయిలో మెరుపు వస్తుంది కాబట్టి మొదట్లో చప్పట్లు దొరుకుతాయి. రెండో గంటలో మెడ నరాలు పొంగి, తార గాంధారం దాటగానే అకారం ‘అ’కూ ‘ఎ’కూ మధ్య పడిపోతుంది. ఎంచుకున్న శృతి సరైనదో కాదో కచేరీ మొదటి పావుగంటలో తెలియదు, చివరి పావుగంటలో తెలుస్తుంది.

మగపిల్లలకు సుమారు 12 నుంచి 15 ఏళ్ల మధ్య గొంతు మారుతుంది. ఐదో శృతిలో గలగలా పాడిన పిల్లవాడు ఒకటికో ఒకటిన్నరకో దిగుతాడు. ఆ మధ్యకాలంలో గొంతు ఏ స్వరం మీద పగులుతుందో చెప్పలేం. తెలిసిన గురువులు ఈ సమయంలో తార స్థాయి సాధకం ఆపేస్తారు. మధ్య స్థాయిలో మెల్లగా పాడించి, మిగతా వేళ తాళం, స్వరలిపి, వినికిడి మీద పెడతారు. ఆపకుండా పాత శృతిలోనే పోటీలకు పంపితే గొంతు బిగబట్టే అలవాటు స్థిరపడి, మారడం పూర్తయ్యాక కూడా వదలదు. బాలమేధావులుగా పేరు తెచ్చుకున్న మగపిల్లలు పెద్దయ్యాక కనిపించకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆడపిల్లల గొంతులో మార్పు స్వల్పమే. వారికి పెద్ద మార్పు నెలసరి ఆగే వయసులో వస్తుంది. స్వరతంత్రులు కాస్త మందమై, పై స్వరాలు బరువెక్కుతాయి.

మైకు ఈ లెక్కను ఒకసారి మార్చేసింది. మైకులు లేని రోజుల్లో చివరి వరుసకు వినిపించాలంటే మగవారు కూడా హెచ్చు శృతిలో, బిగ్గరగా పాడవలసి వచ్చేది. మైకు వచ్చాక శృతి కిందికి దిగింది, మెత్తని గొంతులకు వేదిక దొరికింది. మెలకువగా వేసే చిన్న గమకాలు చివరి వరుసదాకా చేరసాగాయి.

నూట యాభై నిమిషాల కచేరీ

నాలుగైదు గంటల పాత కచేరీలు ఇప్పుడు అరుదు. రెండున్నర గంటలు పెద్ద కచేరీ కింద లెక్క. ఇప్పుడున్న వరసకు రూపమిచ్చినవారిగా అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) పేరు చెబుతారు. మొదట వర్ణం, వెంటవెంటనే చిన్న కీర్తనలు, మధ్యలో విస్తారమైన ఒకటి రెండు రాగాలు, చివర తేలికపాటి అంశాలు.

నిమిషాల్లో చూస్తే ఇలా ఉంటుంది. వర్ణం 7. స్వరంతో తొలి కీర్తన 10. వేగంగా నడిచే చిన్న కీర్తన 5. ఉప ప్రధాన రాగం 25. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి రెండు చిన్న కీర్తనలు కలిపి 10. ప్రధాన అంశం 60. పదం, జావళి, తిల్లానా వంటివి 25. మంగళం 2. ప్రధాన అంశం అరవైలో గాయకుడి ఆలాపన 13–15, వయొలిన్ ఆలాపన 7, కీర్తన 12, నెరవల్ (ఒక పంక్తిని రకరకాలుగా విస్తరించడం), కల్పనస్వరాలు 15, తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) 12. రాగం తానం పల్లవి పాడదలిస్తే ఉప ప్రధాన అంశాన్ని కుదించాలి.

వర్ణం మొదట ఎందుకన్నదానికి ఆచారం కన్నా శరీరం చెప్పే కారణమే గట్టిది. స్వరతంత్రుల మీద రక్తప్రసరణ పెరగడానికి ఆ ఏడు నిమిషాలు కావాలి. వర్ణంలో కాలప్రమాణం (నడక వేగం) ముందే స్థిరం, సంగతులు (పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లు) ముందే తెలిసినవి. మైకు ఎలా ఉందో, మృదంగం ఎంత గట్టిగా వినిపిస్తోందో చూసుకోవడానికి వీలు చిక్కుతుంది. రాగాల ఎంపికలోనూ ఇలాంటి లెక్కలే. పక్కపక్కన ఒకే రకం మధ్యమం (‘మ’ స్వరం) ఉన్న రాగాలు రాకూడదు, ఒకే తాళం వరసగా పడకూడదు, తార స్థాయిలో ఎక్కువసేపు నిలిచే కీర్తన తరువాత మంద్రంలో తిరిగేది పెట్టాలి. కల్యాణి ప్రధానమైతే అంతకుముందు మోహనం విస్తరించడం వృథా. మోహనంలోని ఐదు స్వరాలూ కల్యాణిలో ఉన్నవే.

వయొలిన్, తని ఆవర్తనం పోగా గాయకుడు నిజంగా పాడేది సుమారు 80 నిమిషాలు. సగటున సెకనుకు 300 సార్లు అనుకుంటే, ఒక స్త్రీ గాయని స్వరతంత్రులు ఒక్క కచేరీలో పద్నాలుగు లక్షలసార్లకు పైగా ఒకదానికొకటి తగులుతాయి. వరసగా మూడు రోజులు కచేరీలు ఒప్పుకోవద్దని పెద్దలు చెప్పేది ఊరికే కాదు.

వేదిక మీద చెడేవి

శ్రోతలకు తెలిసే తప్పులు తక్కువ, పక్కవాద్యాలవారికి తెలిసేవి ఎక్కువ. మొదటిది కాలప్రమాణం. కంగారులో కీర్తనను అనుకున్నదానికన్నా కొంచెం వేగంగా ఎత్తుకుంటే చివరి సంగతులు, చిట్టస్వరం (కీర్తనకు ముందే కూర్చిన స్వరాల వరస) నోరు తిరగకుండా పోతాయి. ఒకసారి ఎత్తుకున్నాక తగ్గించడానికి వీల్లేదు. రెండోది ఎడుపు, అంటే తాళంలో సాహిత్యం మొదలయ్యే చోటు. ఆది తాళంలో సమం (తాళం మొదటి దెబ్బ) దాటి అర దెబ్బ మీద మొదలయ్యే సాహిత్యానికి నెరవల్ చేస్తూ, ఉత్సాహం ఎక్కువైనప్పుడు సమం మీదే వచ్చి పడడం అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. అనుభవం ఉన్న మృదంగ విద్వాంసుడు ఎడుపు స్థానంలో చాపు అనే దెబ్బ గట్టిగా వేసి దారి చూపిస్తాడు. గాయకుడు పంతానికి పోకుండా దాన్ని అందుకుంటే శ్రోతల్లో నూటికి తొంభైమందికి తెలియదు.

శృతి చెడడానికి వాతావరణం చాలు. ఆరుబయట పందిట్లో రాత్రి కచేరీ అనుకుందాం. మంచు పడుతుంటే తేమకు మృదంగం చర్మం వదులై శృతి దిగుతుంది. అదే చలికి తంబూర లోహపు తీగలు బిగిసి శృతి ఎక్కుతుంది. రెండూ ఎదురెదురు దిక్కులకు జరిగితే మధ్యలో గొంతు ఎటు పోవాలో తోచదు. ప్రతి అంశం తరువాత సరిచూసుకోవడం శ్రోతలకు విసుగనిపించవచ్చు గానీ తప్పదు. ఆడవారి కచేరీకి పొట్టిగా ఉండే హెచ్చు శృతి మృదంగం కావాలి. మగవారి శృతికి పొడవైన తగ్గు శృతి మృదంగం. ఆఖరి నిమిషంలో గాయకులు మారితే వాద్యం కూడా మారాలి.

ఇక మైకు. తమ గొంతు తమకు వినపడకపోతే ఎవరైనా తెలియకుండానే గట్టిగా పాడతారు. ఎదుట ఉండే స్పీకరులో మృదంగం నిండిపోతే గాయకుడు దానితో పోటీ పడుతూ గంటలో అలిసిపోతాడు. ఆ స్పీకరులో ముందు తంబూర, తరువాత సొంత గొంతు, మృదంగం చాలా తక్కువ: అడగాల్సిన క్రమం ఇదే. ధ్వని సరిచూసుకోవడానికి పది నిమిషాలు కూడా ఇవ్వని నిర్వాహకులు పారితోషికం ఎంత ఇచ్చినా ఖరీదైనవారే.

గొంతు పాడయ్యే క్రమం

అతిగా, బిగబట్టి పాడేవారిలో స్వరతంత్రులు ఎక్కువగా ఒరుసుకునే చోట రెండు వైపులా చిన్న గడ్డలు లేస్తాయి. వీటినే నాడ్యూల్స్ అంటారు. అంతకుముందే ఒక సూచన కనిపిస్తుంది. తార షడ్జం దగ్గర సన్నగా, బలం పెట్టకుండా అకారం పట్టి చూడాలి. ముందు గాలి, ఆ తరువాత శబ్దం వస్తుంటే స్వరతంత్రులు ఉబ్బాయన్నమాట. బిగ్గరగా పాడితే బాగానే వస్తుంది కాబట్టే చాలామంది దీన్ని గుర్తించరు. నాడ్యూల్స్‌కు మొదటి చికిత్స శస్త్రచికిత్స కాదు, వారాల తరబడి సాగే వాయిస్ థెరపీ. పాడే తీరు మారకుండా గడ్డలు తీసేస్తే మళ్లీ వస్తాయి.

తాగిన నీరు స్వరతంత్రుల మీద పడదు. ఒళ్లంతా పట్టి, రక్తం ద్వారా గంటల తరువాత చేరుతుంది. అందుకే నీళ్లు కచేరీ మధ్యలో కాదు, పొద్దుటి నుంచీ తాగాలి. ఆవిరి మాత్రం నేరుగా తగులుతుంది. గుసగుసగా మాట్లాడడం విశ్రాంతి అనుకోవడం పొరపాటు, అది గొంతును మరింత బిగిస్తుంది. మెంథాల్ బిళ్లలు మంటను మరిపిస్తాయి గానీ తడి పెంచవు. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు గొంతు ఎండబెడతాయి. రాత్రి కచేరీ అయ్యాక పదిన్నరకు కడుపునిండా తిని వెంటనే పడుకునే అలవాటు వల్ల ఆమ్లం పైకెగసి పొద్దున్నే గొంతు జీరబోతుంది. ఈ వృత్తిలో ఇది దాదాపు అందరి బాధ. పాడుతుండగా గొంతు ఉన్నట్టుండి పోతే అక్కడితో ఆపాలి. లోపల రక్తం చిమ్మి ఉండవచ్చు. ఆ స్థితిలో మంగళం దాకా లాక్కురావడం శాశ్వత నష్టానికి దారి తీయగలదు. బొంగురు నాలుగు వారాలు దాటితే స్వరపేటికను కెమెరాతో చూపించుకోవడం తప్పనిసరి.

రేడియో గ్రేడు అంటే ఏమిటి

ఆకాశవాణి గాయకులను బి, బి హై, ఏ, టాప్ అని నాలుగు మెట్లుగా విభజిస్తుంది. బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు 1952 నుంచి ఆడిషన్ విధానం బిగుసుకుంది. అప్పటికే పేరున్న విద్వాంసులు మమ్మల్ని పరీక్షించడమేమిటని నిరసించారు కూడా. శృతి, లయ, రాగభావం, ఉచ్చారణ, మనోధర్మం చూస్తారు. తనకు వచ్చిన కీర్తనల జాబితా అభ్యర్థి ఇవ్వాలి. అందులోంచి ఏది అడిగినా పాడగలగాలి. జాబితా పొడుగ్గా ఉంటే గొప్పనుకుని సరిగా రాని వరాళి, సహానా రాగాల కీర్తనలనూ చేర్చి, అవే అడిగితే తడబడేవారు ఎందరో.

గ్రేడు మీద రేడియో పారితోషికం, కార్యక్రమాల స్థాయి ఆధారపడతాయి. చిన్న సభలు కూడా దాన్నే అర్హతగా చూస్తాయి. అయితే అది ప్రమాణానికి ధ్రువపత్రమే గానీ గిరాకీకి కాదు. టాప్ గ్రేడు ఉన్నవారందరికీ పెద్ద సభల్లో రాత్రి వేళ దొరకదు, దొరికినవారందరికీ టాప్ గ్రేడు ఉండదు. పాఠకుల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే.

రేడియో ఇంకో మేలు చేసింది. అరగంటలో వర్ణం, ఆలాపన, కీర్తన, స్వరం ముగించాలంటే రాగస్వరూపం మొదటి రెండు పలుకుల్లో తేలిపోవాలి. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రం చుట్టూ పెరిగిన తరం గానంలో ఆ పొదుపు ప్రత్యేకంగా వినిపిస్తుంది.

నలుగురు విద్వాంసులు, నాలుగు బతుకుతెరువులు

కచేరీల ఆదాయం మీదే ఇల్లు నడపడం తెలుగు నేల మీద ఎప్పుడూ కష్టమే. గత శతాబ్దపు నలుగురిని పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది.

శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యులు. పసితనంలోనే వేదికెక్కారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా, ఆకాశవాణిలోనూ పనిచేసి, తరువాత మద్రాసు చేరారు. 1978లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ బిరుదు సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్. ప్రధానంగా కచేరీ గాయకుడిగా, వాగ్గేయకారుడిగా నిలిచింది ఈ నలుగురిలో ఆయనే. అందుకు ఊరు మారవలసి వచ్చింది.

నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదివి, ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ప్రిన్సిపాల్‌గా ఉద్యోగం చేస్తూ కచేరీలు సాగించారు. ఆయనకు సంగీత కళానిధి 1991లో వచ్చింది. ఓలేటి వెంకటేశ్వర్లు (1928–1989) విజయవాడ ఆకాశవాణిలో ఉండిపోయారు. రేడియో పాఠాలతో వేలమందికి గురువయ్యారు గానీ మద్రాసు వేదికల మీద ఆ స్థాయి గుర్తింపు రాలేదు. శ్రీపాద పినాకపాణి (1913–2013) వైద్యుడు, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడు. సంపాదన వైద్యం నుంచి వచ్చింది కాబట్టి సంగీతాన్ని అమ్ముకోవలసిన అవసరమే పడలేదు. నేదునూరి, ఓలేటి ఇద్దరూ ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

జీతం భద్రతనిస్తుంది, గొంతు బాగున్న ఏళ్లలో ప్రయాణాలకు సెలవు మాత్రం ఇవ్వదు. చెన్నై వెళ్లడం వేదికలు ఇస్తుంది, భద్రతనివ్వదు. ఈ లెక్క ఇప్పటికీ పెద్దగా మారలేదు.

పట్టికలో తెలుగు పేర్లు తక్కువెందుకు

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1927 కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సమావేశం నుంచి పుట్టి 1928లో ఏర్పడింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. గ్రామఫోన్ కంపెనీలు, రేడియో, సినిమా, పత్రికలు అన్నీ ఆ ఊళ్లోనే. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు రాజకీయం కదిలింది గానీ సంగీత వ్యాపారం కదలలేదు.

రెండో కారణం సభల ఆర్థికం. చెన్నైలో సభ అంటే సభ్యత్వ రుసుము, సీజన్ టికెట్టు. కాకినాడ సరస్వతీ గాన సభ లాంటి పాత సంస్థలు ఉన్నా, తెలుగు ఊళ్లలో ఎక్కువ కచేరీలు నవరాత్రులకు, శ్రీరామనవమికి, ఆరాధనలకు దాతల ఖర్చుతో ఉచితంగా జరుగుతాయి. దాత మారితే ఉత్సవం ఆగుతుంది. టికెట్టు కొన్న శ్రోతకు తాను మెచ్చిన గాయకుడిని మళ్లీ పిలిపించే బలం ఉంటుంది. ఉచితంగా విన్నవారికి అది ఉండదు. తెలుగు శ్రోత చెవి హరికథకు, పద్యనాటకానికి అలవాటుపడి ఉండడం కూడా గంటసేపటి రాగవిస్తారానికి ఓపికను కొంత తగ్గించిందనే చెప్పాలి.

చెన్నై సీజనులో వేళే హోదా. మధ్యాహ్నం కచేరీలు కొత్తవారికి, సాయంత్రం నాలుగు ప్రాంతం ఎదుగుతున్నవారికి, రాత్రి పేరు స్థిరపడ్డవారికి. మధ్యాహ్నం నుంచి రాత్రికి చేరడానికి పదేళ్లు పట్టడం వింత కాదు. ఏడాదంతా అక్కడే ఉండి చిన్న సభల్లో పాడుతూ, కార్యదర్శుల కళ్లలో పడుతూ ఉండేవారికి ఆ మెట్లు తొందరగా దొరుకుతాయి. విశాఖ నుంచో వరంగల్ నుంచో డిసెంబర్‌లో వారం రోజులకు వెళ్లేవారికి మధ్యాహ్నమే మిగులుతుంది.

స్త్రీలకు ఈ మెట్లు ఇంకా ఎత్తుగా ఉండేవి. తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మే (1878–1952) అక్కడ స్త్రీలు పాడే హక్కు కోసం పోరాడవలసి వచ్చింది. కచేరీలో అతి కష్టమైన అంశమైన రాగం తానం పల్లవి మగవారి సొత్తనుకునే రోజుల్లో డి.కె. పట్టమ్మాళ్ (1919–2009) దాన్ని వేదిక మీద పాడి చూపించారు.

పారితోషికం, పన్ను

చాలా సభలు మొత్తం సొమ్ము ప్రధాన గాయకుడి చేతికే ఇస్తాయి, పంపకం ఆయన బాధ్యత. లెక్క కోసం 30,000 రూపాయలు అనుకుందాం. వయొలిన్‌కు 6,000, మృదంగానికి 6,000, ఘటానికి 4,000, తంబూరకు 1,000, నలుగురి ప్రయాణాలకు 5,000 పోతే గాయకుడికి మిగిలేది 8,000. పక్కవాద్యాల మొత్తం తగ్గిస్తే వచ్చేసారి మంచివారు దొరకరు. మంచివారు లేకపోతే కచేరీ నిలవదు. అందుకే కొత్త గాయకులకు తొలి ఏళ్లలో చేతి నుంచి ఖర్చవడమే ఎక్కువ. ఇంటి ఆదాయం ఆన్‌లైన్ పాఠాల నుంచి వస్తుంది. అవి మళ్లీ గొంతునే తింటాయి. రోజుకు నాలుగైదు గంటలు పిల్లలకు పాడి చూపించాక సొంత సాధకానికి మిగిలేది అలిసిన గొంతు.

జీఎస్‌టీ విషయంలో ఒక వెసులుబాటుంది. శాస్త్రీయ, జానపద రూపాల్లో కళాకారుడు ఇచ్చే ప్రదర్శనకు 1,50,000 రూపాయలు దాటకుండా తీసుకునే పారితోషికానికి మినహాయింపు వర్తిస్తుంది. దాటితే అదనపు సొమ్ముకే కాదు, మొత్తానికీ మినహాయింపు పోతుంది. ప్రకటనల్లో ఉత్పత్తులకు ప్రచారకర్తగా చేసే పనికి ఇది వర్తించదు. ఆదాయపు పన్ను మాత్రం మామూలుగానే ఉంటుంది.

యూట్యూబ్‌లో హక్కులు

త్యాగరాజ కీర్తన సొంతంగా పాడి పెట్టినా కాపీరైట్ నోటీసు వచ్చిందన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. భారత చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లకు హక్కు ముగుస్తుంది. త్యాగరాజు 1847లో పరమపదించారు కాబట్టి ఆ సాహిత్యం, సంగీతం అందరివీ. కానీ అదే రాగం, అదే తాళం, దగ్గర శృతిలో ఒక కంపెనీ రికార్డింగు ఉంటే యూట్యూబ్‌లో పోల్చి చూసే యంత్రం రెండింటినీ ఒకటిగా పొరబడుతుంది. అప్పుడు అభ్యంతరం నమోదు చేసి, కృతి పబ్లిక్ డొమైన్‌లోదనీ, రికార్డింగు సొంతమనీ రాయాలి.

అన్నమయ్య సంకీర్తనల విషయం వేరు. రాగిరేకుల్లో సాహిత్యం, రాగం పేరు దొరికాయి గానీ స్వరలిపి లేదు. ఇప్పుడు పాడే వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979), నేదునూరి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. సాహిత్యానికి హక్కు లేకపోయినా వరుసకు ఉంటుంది. బాలమురళీకృష్ణ సొంత కృతులకు 2076 చివరిదాకా రక్షణ ఉంటుంది. గాయకుడి ప్రదర్శన మీద గాయకుడికి వేరే హక్కు ఉంది, దాని గడువు 50 ఏళ్లు. సభవారు వీడియో తీస్తుంటే అది ఎక్కడ, ఎవరి పేరిట పెడతారో కాగితం మీద రాసుకోవడం కొత్తవారిలో ఇంకా అలవాటు కాలేదు.

యాభై దాటాక

స్వరపేటికలోని మృదులాస్థి వయసుతో గట్టిపడుతుంది, స్వరతంత్రులు పలచబడతాయి, ఊపిరి నిలిపే శక్తి తగ్గుతుంది. అనుభవం ఉన్న గాయకులు మొదట చేసే పని అర శృతి దించుకోవడం. తార పంచమం దాకా ఎక్కే సంగతులున్న కీర్తనలు ప్రధాన స్థానం నుంచి తప్పుకుంటాయి. ఆలాపన బరువు మంద్ర, మధ్య స్థాయిల మీదికి జరుగుతుంది. బిర్కాల (వేగంగా దొర్లే స్వరాల) వేగం తగ్గి, విడిచి విడిచి వేసే గమకం పెరుగుతుంది. వెనక కూర్చున్న శిష్యులు తార స్థాయి అందుకుంటారు. విద్య తెలిసిన శ్రోతలు ఈ దశ కచేరీలనే వెతుక్కుంటూ వెళ్తారు. సభలు మాత్రం టికెట్టు అమ్ముడయ్యే నలభైల గొంతు వైపే మొగ్గుతాయి.

ఇది తప్పనిదని తెలిసి ముందే దారి చూసుకున్నవారూ ఉన్నారు. పినాకపాణి తన పాఠాంతరాన్ని గమకాలతో సహా స్వరపరచి సంగీత సౌరభం పేరిట సంపుటాలుగా ఇచ్చారు, టీటీడీ వాటిని ప్రచురించింది. కచేరీకి సిద్ధమవుతున్న తెలుగు విద్యార్థి ఇప్పుడు ఒక సంగతి గురువు చెప్పినదానికీ రికార్డింగులో విన్నదానికీ తేడా వస్తే సరిచూసుకునేది చాలావరకు ఆ సంపుటాల్లోనే.